తన తప్పు తానే దిద్దుకొనే లేసర్

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ., భౌతికశాస్త్రం)

ఫిజిక్సు ప్రయోగశాలలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే స్క్రూ గేజి చేతికిచ్చి, "ముందు శూన్యాంశ దోషం చూడండి" అంటారు. తీగ మందం కొలవడానికి వచ్చినవాళ్ళం. మధ్యలో ఏమీ పెట్టకుండా మర బిగించి, అక్కడ ఎంత కనిపిస్తుందో రాసుకోవడమేమిటని విసుక్కుంటాం. చాలామంది (దాచటమెందుకు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే) ఆ గడిలో "లేదు" అని రాసేసి ముందుకు పోతాం. రికార్డులో మార్కులు ఎలాగూ పడతాయి. ఆ ఒక్క గడి ఎందుకు పెట్టారో నాకు ప్రయోగశాలలో బోధపడలేదు, మా పొలంలో బోధపడింది.

కాబట్టి ముందు ఆ పొలం సంగతి చెప్పి, ఆ తర్వాత లేసర్ స్కానింగ్ యంత్రాలు తమ గురిని తామే ఎలా పరీక్షించుకొని దిద్దుకొంటాయో వివరించడానికి ప్రయత్నిస్తాను. గణితం కొద్దిగా వస్తుంది. ఆర్ట్సు మిత్రులు భయపడనక్కరలేదు, కూడికలూ భాగహారాలే.

మెరకా పల్లమూ

మాది వరి పొలం. చిన్న చిన్న మళ్ళుగా ఉన్న రెండెకరాలను, మధ్య గట్లు కొట్టించి, ఒకటే మడి చేశాం. నలుపలకలా సుమారు 90 మీటర్లు. ఇంత పెద్ద మడిని పూర్వంలాగా నీరు పెట్టి, చెక్క తోలి చదును చేయడం కష్టమని లేసర్ లెవెలర్ ను బాడుగకు పిలిపించారు మా నాన్న.

చూడనివాళ్ళ కోసం ఆ యంత్రం సంగతి చెబుతాను. గట్టు మీద మూడుకాళ్ళ స్టాండు, దాని పైన లేసర్ పెట్టె ఉంటాయి. పెట్టె తలలో ఒక పట్టకం నిమిషానికి కొన్ని వందలసార్లు తిరుగుతూ లేసర్ పుంజాన్ని చుట్టూరా విసురుతుంది. అంటే చేను మొత్తం మీద వెలుతురు పందిరి ఒకటి వేసినట్టన్నమాట. ట్రాక్టరు వెనక మట్టి గీకే బకెట్టు, దానికి నిలువుగా ఒక గొట్టం, గొట్టం చివర లేసర్ ను పట్టే గ్రాహకం ఉంటాయి. పుంజం గ్రాహకానికి నడుమన తగలకుండా పైభాగంలో తగిలితే బకెట్టు పల్లంలో దిగిందని అర్థం. వెంటనే హైడ్రాలిక్ వాల్వు బకెట్టును పైకెత్తుతుంది, మోసుకొచ్చిన మట్టి ఆ పల్లంలో పడుతుంది. కింది భాగంలో తగిలితే మెరక అన్నమాట, బకెట్టు దిగి గీకుతుంది. డ్రైవరు స్టీరింగు తిప్పడం తప్ప ఇంకేమీ చేయడు. ఊళ్ళో సగం మంది గట్టు మీద కూర్చుని చూశారు.

నాట్లు వేసిన తర్వాత తెలిసింది. తూర్పు గట్టు దగ్గర నీరు ఆరిపోయి గడ్డి మొలుస్తూంటే, పడమటి గట్టు దగ్గర నారు తలలు కూడా కనిపించడంలేదు. కర్ర గుచ్చి చూస్తే ఇక్కడికీ అక్కడికీ 9 సెంటీమీటర్ల తేడా! తూర్పున రెండంగుళాలు నిలబెడదామంటే పడమట ఐదారంగుళాలవుతోంది. ఆ ఏడు పడమటి వైపు ఒకసారి కుళ్ళిపోయిన నారు పీకి మళ్ళీ నాటాము. కూలీ రెండింతలు, పంట మాత్రం సగమే. యంత్రం వాళ్ళను అడిగితే వచ్చిన జవాబు నాకింకా గుర్తుంది: "ఆటోమేటిక్ అండీ. దానంతటదే లెవెల్ అవుతుంది. తప్పు రానే రాదు."

వాళ్ళు అబద్ధం చెప్పలేదు. పెట్టె నిజంగానే దానంతటదే లెవెల్ అవుతుంది. స్టాండు కొంచెం వాలినా లోపలి చిన్న మోటార్లు సరిచేస్తాయి. ఐతే దేన్ని చూసి సరిచేస్తాయి? పెట్టె లోపలే బిగించివున్న ద్రవమట్టాన్ని చూసి, అంటే మేస్త్రీలు వాడే బుడగ గొట్టం లాంటి దాన్ని చూసి. బుడగ నడిమికి వచ్చేదాకా మోటార్లు తిప్పి, వచ్చాక ఆపుతాయి. ఆ బుడగ గొట్టమే పెట్టెలో ఏ దెబ్బకో ఒక పక్కకు ఒరిగి ఉంటే? అప్పుడు యంత్రం ఎంతో శ్రద్ధగా, ప్రతిసారీ, అదే తప్పు కోణానికి వచ్చి నిలుస్తుంది. చేతితో చేస్తే ఒకసారి అటూ ఒకసారి ఇటూ పోయే తప్పు, యంత్రంతో ఎప్పుడూ ఒకే వైపుకు పోతుంది.

గోడ మీద రెండు గీతలు

కోతలయ్యాక, యంత్రం వాళ్ళను బతిమాలి ఒక పూట ఆ పెట్టెను తెచ్చుకొన్నాను. మొదట ఒప్పుకోలేదు, చెడగొడతానని వాళ్ళ భయం. పరీక్షకు కావలసింది 30 మీటర్ల దూరంలో ఒక గోడా, ఒక పెన్సిలూ, అంతే. మా ఊరి గిడ్డంగి గోడకెదురుగా స్టాండు పెట్టి, పెట్టె ముఖం గోడవైపు ఉంచి, అది తనంతట తాను లెవెల్ అయ్యాక, గోడపై పుంజం తగిలిన ఎత్తున ఒక గీత గీశాను. ఇప్పుడు స్టాండును కదపకుండా పెట్టెను మాత్రం సరిగ్గా వెనక్కు, 180 డిగ్రీలు తిప్పి, మళ్ళీ లెవెల్ కానిచ్చి, రెండో గీత గీశాను.

పెట్టె నిర్దుష్టంగా ఉంటే రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడాలి. బుడగ గొట్టం పెట్టెలోనే బిగించి ఉంది కాబట్టి, పెట్టె తిరిగితే దాని తప్పుకూడా తిరుగుతుంది. మొదటిసారి పుంజం గోడవైపు ఎంత పైకి లేచిందో, రెండోసారి అంత కిందికి దిగుతుంది. కాబట్టి రెండు గీతల మధ్య దూరం అసలు తప్పుకు రెండింతలు, నిజమైన మట్టం ఆ రెండింటికీ సరిగ్గా నడుమ. నాకు వచ్చిన తేడా 60 మిల్లీమీటర్లు. అందులో సగం 30. అంటే 30 మీటర్లకు 30 మిల్లీమీటర్లు, మీటరుకొక మిల్లీమీటరు. 90 మీటర్లకు 90 మిల్లీమీటర్లు, అనగా కర్ర గుచ్చి చూసిన 9 సెంటీమీటర్లే! రెండో అడ్డం దిశలో చూస్తే గీతల తేడా 4 మిల్లీమీటర్లే ఉంది. అందుకే మడి ఉత్తర దక్షిణాలకు వాలలేదు. తర్వాత డ్రైవరే చెప్పాడు, ఆ పెట్టె అంతకుముందు నెల ట్రాక్టరు మీదినుంచి కిందపడిందట.

ఈ పరీక్షలో నాకు నచ్చిందేమంటే, దీనికి ఇంకో మంచి యంత్రం అక్కరలేదు. తప్పుగా ఉన్న పరికరాన్నే రెండు విధాలుగా నిలబెట్టి, దానిచేతనే దాని తప్పు చెప్పించాం. సర్వేవాళ్ళు థియోడొలైటును ఎడమ ముఖం, కుడి ముఖం అని రెండుసార్లు చూసి సగటు కట్టేదీ ఈ కిటుకు మీదనే.

గాల్వనా మీటరు అద్దం

మా లెవెలర్ లో పుంజం ఒకే తలంలో తిరుగుతుంది. అసలైన స్కానర్లలో పుంజాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ, వెనుకా ముందూ, చిత్రకారుడి కుంచెలాగా నడిపిస్తారు. మందుబిళ్ళల అట్టల మీద తేదీలు ముద్రించేదీ, లోహపు పొడిని పొరలు పొరలుగా కరిగించి యంత్ర భాగాలు తయారుచేసేదీ ఇటువంటి స్కానర్లే. వీటి గుండెకాయ మనకు బాగా తెలిసినదే: గాల్వనా మీటరు.

లాంప్ అండ్ స్కేల్ ప్రయోగం గుర్తుచేసుకోండి. తీగచుట్టకు అంటించిన చిన్న అద్దం మీద దీపకాంతి పడి, మీటరు దూరంలో ఉన్న స్కేలు మీద చుక్కగా కదులుతుంది. అద్దం ఒక డిగ్రీ తిరిగితే కాంతి రెండు డిగ్రీలు తిరుగుతుంది. స్కానర్లో దీపానికి బదులు లేసర్, ఒక అద్దానికి బదులు రెండు. మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా పుంజాన్ని జరుపుతాయి. తర్వాత ఒక ప్రత్యేకమైన కటకం (దీనిని ఎఫ్-థీటా కటకం అంటారు) పుంజాన్ని బల్లపై ఒక సన్నని చుక్కగా కేంద్రీకరిస్తుంది. కోణం ఎంత పెరిగితే చుక్క అంత దూరం జరగాలి, ఆ అనుపాతాన్ని కాపాడటం ఈ కటకం పని.

ఇక్కడ తప్పులు ఎలా వస్తాయి? కొన్ని పుట్టుకతో వచ్చేవి. రెండద్దాలూ ఒకే చోట ఉండలేవు, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అందువల్ల చదరం గీయమంటే అంచులు లోపలికి నొక్కుకుపోయిన దిండులాగా గీస్తుంది. కటకం తన వంతు వంకర తాను చేరుస్తుంది. ఈ తప్పులు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి కనుక వీటితో పెద్ద చిక్కు లేదు. ఫ్యాక్టరీలోనే ఒక గళ్ళబొమ్మ గీయించి, ఒక్కొక్క చుక్క పడవలసిన చోటికి ఎంత దూరంలో పడిందో కొలిచి, ఆ పట్టికను యంత్రంలో పెట్టేస్తారు. వరసకు తొమ్మిది చొప్పున తొమ్మిది వరసలు గీస్తే 81 చుక్కలు, చుక్కకు రెండు సవరణలు. చుక్కల నడుమ ఉన్న చోట్లకు మనం లాగరిథమ్ పట్టికలో రెండు అంకెల మధ్య విలువ తీసినట్టే తీసుకొంటుంది.

చిక్కంతా రెండో రకంతో. యంత్రం పని మొదలుపెట్టాక వేడెక్కుతుంది. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల వోల్టేజీలు కొద్దిగా జరుగుతాయి. పొద్దున దిద్దిన గురి మధ్యాహ్నానికి అక్కడ ఉండదు. ఎంత జరుగుతుంది? అద్దం తన స్థానం నుంచి 25 మైక్రోరేడియన్లు తప్పిందనుకొందాం. ఒక రేడియన్ లో పదిలక్షల వంతు ఒక మైక్రోరేడియన్. కాంతి దానికి రెట్టింపు, 50 మైక్రోరేడియన్లు తిరుగుతుంది. కటకం నాభ్యంతరం 160 మిల్లీమీటర్లైతే చుక్క 0.008 మిల్లీమీటర్లు, అంటే 8 మైక్రాన్లు జరుగుతుంది. మందుల అట్టమీద తేదీ వేయడానికి ఇది లెక్కలోకి రాదు. లోహపు పొడిలో ఒక పొర మీద ఇంకో పొర కరిగించేటప్పుడు, అందునా రెండు మూడు లేసర్లు కలిసి ఒకే వస్తువును చేసేటప్పుడు, ఒకదాని హద్దుకూ ఇంకోదాని హద్దుకూ మధ్య ఇటువంటి తప్పులు పేరుకుంటే అతుకు నిలవదు. అదే 50 మైక్రోరేడియన్ల తప్పు 100 మీటర్ల దూరంలోని గోడను కొలిచే స్కానర్లో జరిగితే 5 మిల్లీమీటర్లు.

"మరి అద్దం ఎక్కడుందో చూసుకొనే ఏర్పాటు లేదా?" అనవచ్చు. ఉంది. ప్రతి గాల్వనా మీటరు ఇరుసు చివర కోణాన్ని కనిపెట్టే చిన్న సాధనం ఉంటుంది. అద్దం చెప్పిన చోటికి వచ్చిందో లేదో అది చెబుతూ ఉంటుంది, రానంతవరకు విద్యుత్ప్రవాహం అద్దాన్ని తిప్పుతూనే ఉంటుంది. ఐతే వేడెక్కేది ఆ సాధనం కూడా. మళ్ళీ మా బుడగ గొట్టం కథే! అది ఒరిగితే, అద్దం ఎంతో విధేయంగా తప్పు చోటుకు వచ్చి, "వచ్చాను" అంటుంది. కాబట్టి ఆ లోపలి చుట్టంతటికీ బయట, ఆ వేడితో సంబంధంలేని చోట, ఒక సాక్షి కావాలి.

ఇద్దరు సాక్షులు

ఆ సాక్షులను పని జరిగే స్థలానికి కొంచెం ఆవల, స్థిరమైన చట్రం మీద బిగిస్తారు. ఒక్కొక్కటీ ఒక చిన్న కాంతి గ్రాహకం. పని మధ్యలో విరామం రాగానే కంప్యూటరు తనంతటతానే పుంజం బలం తగ్గించి, దాన్ని ఆ గ్రాహకం మీదుగా అటూ ఇటూ నడిపిస్తుంది. ఏ ఆజ్ఞ ఇచ్చినపుడు కాంతి సరిగ్గా నడిమికి తగిలిందో రాసుకొంటుంది. మొత్తం తతంగం కొద్ది క్షణాల్లో ముగుస్తుంది. దీనినే స్వయంచాలక క్రమాంకనం అంటారు. వాడుకలో ఆటో కాలిబ్రేషన్.

అడ్డం దిశకు ఇద్దరు సాక్షులెందుకు, ఒకరు చాలరా? చాలరు. ఎందుకంటే తప్పులు రెండు రకాలు. ఒకటి శూన్యం జరగడం, అంటే అన్ని చుక్కలూ ఒకేవైపు ఒకే దూరం జరగడం. స్క్రూ గేజిలో శూన్యాంశ దోషం ఇదే. రెండోది కొలబద్ద సాగడం: నడుమన సరిగానే ఉంటుంది, అంచులకు పోయేకొద్దీ తప్పు పెరుగుతుంది. తెలియని రాశులు రెండు కాబట్టి సమీకరణాలు రెండు కావాలి. పదో తరగతి లెక్కే.

నిజమైన స్థానం = సాగు × ఆజ్ఞ + జరుగు

అని రాసుకొందాం. ఎడమ గ్రాహకం నడిమి నుంచి నిజంగా −50.00 మిల్లీమీటర్ల దగ్గర, కుడిది +50.00 దగ్గర ఉన్నాయనుకోండి. పొద్దున్న ఆ ఆజ్ఞలిస్తే అక్కడే తగిలాయి. రెండు గంటల తర్వాత చూస్తే, ఎడమదాన్ని కొట్టడానికి −49.98 అనీ, కుడిదాన్ని కొట్టడానికి +50.04 అనీ చెప్పవలసివచ్చింది. రెండు సమీకరణాలను తీసివేస్తే 100 = సాగు × 100.02. కావున సాగు 0.9998. దాన్ని తిరిగి పెడితే జరుగు −0.03 మిల్లీమీటర్లు. అంటే కొలబద్ద పదివేలలో రెండు వంతులు కుంచించింది, శూన్యం 30 మైక్రాన్లు ఎడమకు జరిగింది. ఇకనుంచి కంప్యూటరు ప్రతి ఆజ్ఞనూ ఈ లెక్క ప్రకారం ముందుగానే మార్చి పంపుతుంది. నడిమిన చుక్క కావాలంటే సున్నాకు బదులు +0.03 అని చెబుతుంది, చుక్క నడిమినే పడుతుంది. యంత్రం లోపల ఏ మరనూ ఎవరూ తిప్పలేదు. తప్పు తప్పుగానే ఉంది, కాని దాని లెక్క తెలిసింది.

నిలువు దిశకూ ఇదే పద్ధతి. చట్రం మెలిపడిందేమో కూడా తెలియాలంటే మూలమూలకూ ఒకటి పెట్టాలి.

ఎంత తరచుగా?

దీన్నిగురించి రెండు రకాల మూర్ఖత్వం ఉన్నట్టు నాకు అనిపిస్తుంది. ఒకటి, కొన్నప్పుడు చేయించాం గదా అని ఊరుకోవడం. రెండోది, మంచిదే గదా అని నిమిషానికోసారి చేయడం.

యంత్రం వేడెక్కే తీరు న్యూటన్ శీతలీకరణ నియమాన్ని తిరగేసినట్టు ఉంటుంది. మొదట్లో వేగంగా, పోనుపోను నెమ్మదిగా. అనుమతించే తప్పు 10 మైక్రాన్లనుకొందాం. స్విచ్ వేసిన కొత్తలో నిమిషానికి 2 మైక్రాన్ల చొప్పున జరుగుతూంటే 5 నిమిషాల్లో హద్దు దాటుతుంది. గంట తర్వాత నిమిషానికి 0.1 మైక్రాన్ మాత్రమే జరుగుతూంటే 100 నిమిషాలదాకా పరవాలేదు. కాబట్టి గడియారం చూసి సమానమైన వ్యవధుల్లో చేయడంకన్నా, మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత దూరదూరంగా, గది ఉష్ణోగ్రత మారినపుడు మళ్ళీ దగ్గరగా చేయడం తెలివైన పని. పసిబిడ్డను తల్లి చూసుకొనే తీరు.

మరీ తరచుగా చేస్తే వచ్చే నష్టం సమయం ఒక్కటే కాదు. సాక్షి చెప్పేదానిలోనూ చిన్న ఊగిసలాట ఉంటుంది. ఒక్కసారి చూస్తే 2 మైక్రాన్లు అటో ఇటో చెబుతుందనుకోండి. యంత్రం నిజానికి అర మైక్రానే జరిగితే, దాన్ని దిద్దబోయి 2 మైక్రాన్లు చెడగొట్టినవాళ్ళమవుతాం. అందుకే ఒకే గుర్తును పదహారుసార్లు చూసి సగటు తీస్తారు. వర్గమూలం ప్రకారం ఊగిసలాట నాలుగో వంతుకు, అర మైక్రానుకు తగ్గుతుంది. మన ప్రయోగాల్లో "కనీసం ఆరు రీడింగులు" అని వేధించేది ఇందుకే. ఒకే రీడింగును ఆరుసార్లు అటూ ఇటూ మార్చి రాసే మిత్రులకు ఇది అంకితం.

ఇంకో ప్రమాదం ఉంది. సాక్షి మీదే దుమ్ము పడితే? సగం మూసుకుపోయిన గ్రాహకానికి వెలుతురు నడిమి వేరేచోట కనిపిస్తుంది. యంత్రం ఆ మాటే నమ్మి, సరిగా ఉన్న గురిని చెడగొట్టుకొంటుంది. అందుచేత ఒక కట్టడి పెట్టాలి: లెక్క కట్టిన సవరణ ఇదివరకటికన్నా మరీ ఎక్కువగా ఉంటే దాన్ని అమలు చేయకూడదు. పని ఆపి మనిషిని పిలవాలి. ప్రతి సవరణనూ తేదీ, సమయంతో ఒక చిట్టాలో రాసి ఉంచాలి. నెలరోజుల చిట్టా చూస్తే, రోజూ ఒకేవైపు కొంచెం కొంచెం పెరుగుతున్న సవరణ కనిపిస్తే, ఏదో మర వదులవుతోందని ముందే పసిగట్టవచ్చు. మా లెవెలర్ కు అటువంటి చిట్టా ఉండివుంటే, కిందపడిన నాటి అంకె తక్కిన అంకెల మధ్య కొండలాగా కనిపించేది.

దూరాన్ని కొలిచేవి

కొన్ని స్కానర్లు గుర్తులు గీయవు, చుట్టూ ఉన్న ప్రపంచాన్ని కొలుస్తాయి. లేసర్ స్పందనను పంపి, అది గోడకు తగిలి తిరిగివచ్చే కాలాన్ని లెక్కించి దూరం చెబుతాయి. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, రానుపోను లెక్కన, సెకనులో వందకోట్ల వంతు కాలానికి 15 సెంటీమీటర్ల దూరం. ఒక్క సెంటీమీటరు కచ్చితంగా కావాలంటే ఆ వందకోట్లవంతులో మళ్ళీ పదిహేనోవంతు కాలాన్ని తప్పులేకుండా పట్టుకోవాలి. సర్క్యూట్లలో సంకేతం నడిచే ఆలస్యమే వేడినిబట్టి అంతకన్నా ఎక్కువ మారవచ్చు.

దీనికి కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. స్పందనలో ఒక చిన్న భాగాన్ని బయటికి పంపకుండా, పరికరంలోపలే, పొడవు ముందే తెలిసిన దారిలో తిప్పి, అదే గ్రాహకానికి చేరుస్తారు. లోపలి దారికి పట్టవలసిన కాలం మనకు తెలుసు. అంతకన్నా ఎంత ఎక్కువ చూపిస్తే అంత సర్క్యూటు సోమరితనం. బయటికి పోయివచ్చిన కాలంలోనుంచి దాన్ని తీసేస్తే సరి. గాలి చేసే తప్పు మాత్రం దీనితో పోదు. గాలి వక్రీభవన గుణకం సుమారు 1.0003, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే అది దాదాపు పదిలక్షల్లో ఒక వంతు మారుతుంది. అంటే కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు. దూరాలు పెద్దవైతే ఉష్ణమాపకం, వాయుపీడన మాపకం చూసి విడిగా దిద్దవలసిందే.

ఈ జాగ్రత్తలు లేసర్ తో పుట్టినవి కావు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సుమారు ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను వంద అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచాడు. గొలుసును చెక్క పెట్టెల్లో పరచి, ఉష్ణమాపకాలు పెట్టి మరీ కొలిచాడు. ఎందుకో లెక్కకట్టి చూశాను. 10 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగితే వందడుగుల ఉక్కు దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. గొలుసులు 400. మొత్తానికి 1.4 మీటర్ల తప్పు! మద్రాసు ఎండలో అది రోజూ వచ్చేదే.

విమానంలోంచి నేలను స్కాన్ చేసే లేసర్లున్నాయి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఈ విధంగా నేల ఎత్తులను కొలిచింది. విమానానికి స్కానర్ ను బిగించేటప్పుడు డిగ్రీలో నూరోవంతు పక్కకు ఒరిగినా, వెయ్యి మీటర్ల ఎత్తునుంచి నేలమీద 17 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. దాన్నెలా పట్టుకొంటారో చదివినపుడు నాకు నవ్వొచ్చింది. ఒకే ఊరి మీదుగా విమానాన్ని ఒకసారి ఇటునుంచి అటు, ఒకసారి అటునుంచి ఇటు నడుపుతారు. ఇంటి కప్పులు రెండుసార్లూ ఒకేచోట పడకపోతే, ఆ తేడాలో సగం తప్పు. గిడ్డంగి గోడ మీద నేను గీసిన రెండు గీతలే అవి! కంప్యూటరు వేలకొద్దీ కప్పులను సరిపోల్చి, ఆ కోణాన్ని దానంతటదే లెక్కగడుతుంది.

ఇంత చెప్పాను గనుక, అన్ని లేసర్ స్కానర్లకూ ఈ హంగామా అవసరం లేదని కూడా చెప్పాలి. దుకాణంలో సరుకులమీది చారలను చదివే స్కానర్ ను చూడండి. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లంతో దాని ప్రయాణం మొదలైంది. పొట్లం దగ్గరగా పట్టుకొన్నా దూరంగా పట్టుకొన్నా అది చదువుతుంది. ఎందుకంటే చారల అసలు వెడల్పు దానికి అక్కరలేదు, ఒక చారకు పక్కచారతో ఉన్న నిష్పత్తి చాలు. కొలబద్ద సాగినా కుంచించినా నిష్పత్తి మారదు. కొలతే అవసరంలేకుండా పని జరిగేటట్టు సంకేతాన్ని కట్టిన ఆ మనుషుల తెలివి, నా దృష్టిలో, ఏ కాలిబ్రేషన్ కన్నా గొప్పది. నేల చదును చేసేవాడికి ఆ సౌకర్యం లేదు. నీటికి నిష్పత్తులతో పని లేదు.

ఈసారి దమ్ముకు ముందు అదే యంత్రం మళ్ళీ మా ఊరికి వచ్చింది. పెట్టెను బాగుచేయించారట. మా నాన్న గట్టు మీదికి వెళ్ళనివ్వకుండా నేరుగా గిడ్డంగి గోడ దగ్గరికి తీసుకుపోయారు. పోయినసారి గీతలు ఇంకా చెరిగిపోలేదు. వాటి పక్కనే కొత్తవి గీశాం. తేడా 5 మిల్లీమీటర్లు. సగం రెండున్నర, మా మడికి మూడింతలు.

"ఏడున్నర మిల్లీమీటర్లంటే ఎంతరా?" అన్నారు నాన్న.

"మూడు నాలుగు వడ్లగింజల మందం, నాన్నా."

ఆయన కాసేపు గోడకేసి చూసి, "సరే, తోలమను" అన్నారు.